కూసిన చోట చుక్క

ముందు మా కొండ దారి సంగతి చెప్పాలి. అది ఎంత నిటారంటే, ఎక్కే మేక కూడా చేతికర్ర అడుగుతుంది. ఎంత నిశ్శబ్దమంటే, పైన పదో కిలోమీటరు రాయి దగ్గర ఉడుత తుమ్మితే కింద గేటు దగ్గర మా బావమరిది ‘చిరంజీవ’ అంటాడు.

నా మాటల్లో సగం నమ్మితే చాలు. నిశ్శబ్దం మాత్రం నిజం. ఆ అడవిలో మోటారు అన్నది తిరగకూడదు. పదకొండు కిలోమీటర్ల కంకర బాట, సైకిళ్లకూ కాళ్లకూ తప్ప దేనికీ హక్కు లేదు.

ఆ బాటకు దారి మనిషి మా కోడలు. వెలుగు రాగానే రంపం వీపున కట్టుకుని సైకిల్ మీద పైకి పోతుంది. విరిగిపడ్డ కొమ్మలు కోస్తుంది, గుంటలు పూడుస్తుంది, కొస దాకా వెళ్లి తిరిగి దిగుతుంది. ఆమె దిగి ‘బాగుంది’ అన్నాకే మా బావమరిది గేటు తీసి జనాన్ని వదులుతాడు. అంటే రోజూ రెండున్నర గంటలు ఆ కొండ మీద ఆమె తప్ప నరమానవుడుండడు. కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఇంట్లో మేమిద్దరమే.

గేటుకు కాస్త కింద నా సైకిల్ షాపు. నలభై ఏళ్ల చెయ్యి నాది. అయినా కోడలు తన బండి నన్ను ముట్టుకోనివ్వదు.

“మామయ్యా, మీరు పాత బళ్ల డాక్టరు. దీని జబ్బులు వేరు,” అంటుంది నవ్వుతూ.

నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ముల్లు దిగేది.

నాలుగు రోజులుగా ఆ బండి బ్రేకు కూస్తోంది. పందిని కోస్తున్నట్టు కూత. ఆ సాయంత్రం ఆమె బజారుకెళ్లిన సమయంలో బండిని స్టాండుకెక్కించాను. నాకు పని నేర్పిన గురువు చెప్పింది ఒక్కటే మాట, ‘కూసిన చోట చుక్క వెయ్యరా’. పాత బ్రేకుల్లో కూత కీలు దగ్గర పుడుతుంది, అక్కడ నూనె చుక్క పడితే చస్తుంది. చక్రం తిప్పాను, కూసింది. ముందొక చుక్క, వెనకొక చుక్క. కూత ఆగిపోయింది. చూశావా, ఏ డాక్టరు గొప్పవాడో అనుకుంటూ మీసం దువ్వుకున్నాను.

పొద్దున ఆమె బండి బయటికి తీస్తూ బ్రేకు ఒకసారి నొక్కింది. ముఖం విప్పారింది.

“అరే, ఇవాళ కూయడం లేదే! ఏం చేశారు మామయ్యా?”

“మంత్రం వేశాను.”

“అబ్బో! ఏం మంత్రం?”

“చెబితే పారదు. పో పో, ఎండెక్కుతుంది.”

నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ‘నూనె వేశాను’ అని రెండు మాటలు అని ఉంటే అక్కడికక్కడే బండి దిగేది. ఆ రెండు మాటలు నా నోటికి చప్పగా అనిపించాయి.

గంట గడిచాక షాపు ఊడుస్తుంటే స్టాండు కింద నేల మీద నూనె మరక కనిపించింది. నిన్న బండి వేలాడిన చోటే. చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ బండికి చక్రం అంచుని పట్టే రబ్బరు ముక్కల్లేవు. చక్రం మధ్యలో ఇనుప రేకు తిరుగుతుంది, ఆ రేకును రెండు బిళ్లలు కరిచి పట్టుకుంటాయి. దాన్నే డిస్కు బ్రేకు అంటారు. నా చుక్కలు కారింది ఆ రేకు మీదికే. నూనె తాగిన బిళ్ల అరటితొక్కతో సమానం. పెరట్లో మెల్లగా నొక్కితే పట్టినట్టే ఉంటుంది, కొండ దిగేటప్పుడు ఉండదు.

ఎక్కేటప్పుడు బ్రేకుతో పనే లేదు. పైన కొస నుంచి ఎనిమిదో రాయి దాకా దారి మెత్తగా దిగుతుంది, అక్కడా పెద్దగా తెలియదు. ఎనిమిదో రాయి దాటితే ఇక లోయే. నేను ఆమెకన్నా ముందు ఎనిమిదో రాయి చేరాలి. అంతకు మించి ఆ క్షణంలో నా బుర్రలో ఇంకేమీ లేదు.

నా పాత సైకిలెక్కి గేటు దగ్గరికి తొక్కాను. మా బావమరిది పళ్లు తోముకుంటున్నాడు.

“ఒరే, జీపు తియ్యి! కోడలి బండికి బ్రేకుల్లేవు!”

“మొన్న ఎలుగుబంటికి పంచరు వేశానన్నావు. ఇవాళ ఇదా బావా?”

“నీకు దణ్ణం పెడతాను. నూనె వేసి నేనే చెడగొట్టాను. నా ముఖం చూడు!”

చూశాడు. నోట్లో బ్రష్ అలాగే ఆగిపోయింది. పరుగెత్తి జీపు తలుపు లాగాడు. లోపల్నుంచి కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంటూ బయటికొచ్చింది. మోటారు తిరగని చోట మోటారుతో ఎవరికి పని? మూడేళ్లుగా ఆ జీపు కోళ్లగూడు. టైర్లు నాలుగూ నేలకు కరుచుకుపోయి ఉన్నాయి.

“ఫోను?” అన్నాడు.

“పైన సిగ్నలెక్కడిదిరా?”

“నా మోకాలు బాగుంటేనా...” అంటూనే గేటు బార్లా తీశాడు. “పో బావా, పో!”

మొదటి రాయి దాకా తొక్కాను. రెండో రాయి దాకా కొంత తొక్కి కొంత తోశాను. నా సైకిలుకు గేర్లు లేవు. వానకు కంకర వదులై, చక్రం ఒక మూర ముందుకెళితే జానెడు వెనక్కి జారుతోంది. రెండు పక్కలా చెట్లు ఆకాశాన్ని మూసేశాయి. దారిలో ఆమె కోసి పక్కకు నెట్టిన కొమ్మలున్నాయి, కోసిన చోట చెక్క ఇంకా పచ్చిగానే ఉంది. అంటే ఇక్కడ ఇంత పని చేసింది, ఇంతసేపు ఆగింది. కొమ్మ కనిపించినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది. మూడో రాయి దాటాక కొమ్మలు లేవు. ఆ రోజు గాలికి ఇంకో నాలుగు చెట్లు పడితే ఏం పోయేదని అడవిని తిట్టాను.

నాలుగో రాయి దగ్గర డొక్కలు ఎగిరిపడ్డాయి. సైకిలు పట్టుకుని వంగి నిలబడ్డాను. కళ్ల ముందు మిణుగురులు. ఏ దేవుడైతేనేం, దొరికిన దేవుడికల్లా మొక్కాను. ఇకమీదట ఒక్క కోత కూడా కొయ్యను, మూగవాణ్ణై బతుకుతాను అన్నాను. మళ్లీ తోశాను.

అయిదో రాయి మలుపు ఆ దారి మొత్తానికీ చెడ్డది. ఒకవైపు కొండ గోడ, రెండోవైపు అడుగు కనిపించని లోయ. గోడకు ఆనించి, బాట మరమ్మతు కోసం పోసిన కంకర గుట్ట ఉంది. అక్కడికి చేరేసరికి పైనుంచి చప్పుడు వినిపించింది.

చక్రం కింద కంకర నలిగే చప్పుడు. మెల్లగా దిగే బండి పేలాలు వేగినట్టు ఆగి ఆగి చప్పుడు చేస్తుంది. ఇది రేకుల మీద వానలా ఏకధారగా వస్తోంది.

“అమ్మాయ్!” అని అరిచాను. “బ్రేకు లేదు! దూకెయ్!”

మూడు మలుపుల పైనుంచి ఆమె గొంతు, ఏడుపులో. “మామయ్యా! పట్టడం లేదు! ఆగడం లేదు!”

“అయిదో రాయి! కొండ వైపు కంకర గుట్ట! దాంట్లోకి తోలు! విన్నావా? కొండ వైపు!”

చప్పుడు ఒక మలుపు తిరిగింది. ఇంకొకటి తిరిగింది. నా సైకిలు వదిలేసి లోయ అంచుకు వెళ్లి చేతులు చాపి నిలబడ్డాను. ఇటు వస్తే నన్ను గుద్దుకునైనా ఆగుతుందని. డెబ్బై ఏళ్ల ఎముకల మూట ఏం ఆపుతుంది? అది ఆలోచించే తీరిక లేదు.

మలుపులోకి వచ్చింది. రెండు కాళ్లూ నేలకు రాస్తోంది, చెప్పుల అడుగులు చీలికలై ఉన్నాయి. నన్ను చూసింది. హ్యాండిల్ ఒక్కసారిగా కొండ వైపు తిప్పింది. బండి గుట్టలోకి ఇరుసు దాకా దిగబడింది. ఆమె దాని మీదుగా ఎగిరి గోడకు కొట్టుకుని గుట్ట మీద పడింది.

వెళ్లి కూలబడ్డాను. కళ్లు తెరిచే ఉంది. ఎడమ భుజం దగ్గర ఎముక చర్మం కింద పొడుచుకొచ్చింది. మోచేతుల నిండా రాళ్లు దిగాయి.

“కాళ్లు కదిలించు తల్లీ.”

కదిలించింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

కాసేపటికి ఊపిరి తిరిగి ఆమే అంది. “బ్రేకులు మంచుకి తడిసినట్టున్నాయి మామయ్యా. పైన ఒకసారి చూసుకోవాల్సింది. తప్పు నాదే.”

ఎంత మంచి అబద్ధం! వండి, వడ్డించి, నా ముందు పెట్టింది. మంచు మీద నేను గంటసేపు కథ చెప్పగలను.

“మంచు కాదు,” అన్నాను. “నిన్న నేను నూనె వేశాను.”

“ఎక్కడ?”

“బ్రేకు మీద. ముందొక చుక్క, వెనకొక చుక్క.”

ఆమె నన్ను చూడలేదు. చెట్ల వైపు చూసింది.

“పొద్దున అడిగాను కదా,” అంది చివరికి.

“అడిగావు.”

“మంత్రం అన్నారు.”

“అన్నాను.”

నా తువ్వాలు రెండుగా చీల్చి ఆమె చేతిని గుండెకు ఆనించి కట్టాను. నొప్పికి పెదవి కొరుక్కుంది గానీ అరవలేదు. కింద గేటుకు అయిదు కిలోమీటర్లు. నా సైకిలు లేపి నిలబెట్టి, వెనక సీటు చేత్తో తుడిచాను.

“కూర్చో అమ్మా. నేను పట్టుకుని మెల్లగా దింపుతాను.”

ఆమె సైకిల్ను పైనుంచి కింది దాకా చూసింది.

“దీని బ్రేకులు ఎవరు చూశారు?”

“నేనే.”

“అయితే నడుస్తాను,” అంది.

నడిచింది. ఒక చేత్తో కొండ గోడ పట్టుకుంటూ, పది అడుగులకోసారి ఆగుతూ. నా భుజం అందిస్తే పట్టుకోలేదు. సైకిలు అక్కడే చెట్టుకు ఆనించేసి, ఆమెకు రెండడుగులు ముందు నేను నడిచాను. కళ్లు తిరిగి పడితే నా మీదే పడాలని.