ఆకుపచ్చ పొర కింద

నంబరు దొరికింది. వాసవికి నచ్చనిదల్లా అది అంత తేలిగ్గా దొరకడమే.

నోయిడాలో ఆమెకో షెడ్డు ఉంది. పాత ఆర్మీ బండ్లను బాగుచేసి అసలు రూపానికి తేవడం ఆమె పని. ఏ బండి వచ్చినా ముందు గరుకైన వాటర్ పేపర్ తడిపి, పైరంగును ఒక్కో పొరా రుద్దుతుంది. కింద సైన్యం వేసిన నంబరు బయటపడితే బండి పుట్టుక తెలిసినట్టే.

ఈ జీపు మీద బయటపడ్డ నంబరు, దీన్ని పరీక్షించమన్న కమల ఆంటీ చెప్పిన నంబరు ఒకటే. ఆంటీ తండ్రి పాపయ్య ఆర్మీ డ్రైవరు. డెబ్భై ఒకటి యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన నడిపిన జీపు మీరట్‌లో దొరికిందని ఆమె మేనల్లుడు వరుణ్ తెచ్చాడు. వాసవి 'అసలుదే' అంటే చాలు, ఆంటీ రిటైర్మెంట్ డబ్బంతా ఈ రోజే జీపు ఓనరు చేతికి వెళ్లిపోతుంది.

"క్యా హువా దీదీ? నంబర్ వచ్చేసిందిగా. అత్తకి ఓకే చెప్పేయండి" అన్నాడు వరుణ్.

"యాభై ఏళ్ల రంగు రుద్దితే పొడిలా రాలాలి. ఇది పేపర్‌కి జిగటగా అంటుకుంటోంది."

"ఢిల్లీ ఎండకి మనుషులే కరిగిపోతున్నారు, రంగెంత!"

వాసవి నవ్వలేదు. బానెట్ మధ్యలో రుద్దింది. ఆకుపచ్చ పొర కింద నుంచి తెల్లటి గుండ్రం, దాని నడుమ నల్లటి చుక్క బయటపడ్డాయి. ఇన్నేళ్లలో ఏ ఆర్మీ బండి మీదా ఆమె అలాంటి గుర్తు చూడలేదు.

"ఇదేంటి?"

"తాతయ్య యూనిట్ సైన్. పక్కా" అన్నాడు వరుణ్ తడుముకోకుండా.

అప్పుడే ఢిల్లీ ద్వారక నుంచి క్యాబ్‌లో కమల ఆంటీ దిగింది. నంబరును వేళ్లతో తడిమి కళ్లు తుడుచుకుంది. సంచిలోంచి ఫోటో తీసింది.

"నాన్న ఫోటో ఇదొక్కటే మిగిలిందమ్మా. ఎవరికీ చూపించను. నువ్వొకసారి సరిచూడు."

బ్లాక్ అండ్ వైట్ ఫోటో. జీపు పక్కన నిలబడ్డ పాపయ్య. బానెట్ మీద సరిగ్గా అక్కడే తెల్లటి గుండ్రం, నడుమ నల్లటి చుక్క. అనవసరంగా అనుమానించానేమో అనుకుంది వాసవి. ఆమె చూపు ఫోటోలో కిందికి జారింది. ముందు చక్రం కింద నిమ్మకాయ!

"ఆంటీ, ఈ ఫోటో ఎప్పుడు తీశారు?"

"ఆ ఏడు దసరాకి, సికింద్రాబాద్ క్వార్టర్స్ ముందు. ఆయుధపూజ చేసి మా అమ్మే బండికి గంధం రాసి కుంకుమ బొట్టు పెట్టిందట."

"అంటే ఫోటోలో నల్లగా పడింది కుంకుమా! మరి వరుణ్ ఇది యూనిట్ సైన్ అంటున్నాడే!"

కమల ఆంటీ ఫోటోలోంచి తలెత్తి బానెట్ వైపు చూసింది. దగ్గరికెళ్లి గోటితో గీకింది. గంధం కాదు. కుంకుమా కాదు. రంగు.

"మా అమ్మ పెట్టిన బొట్టు ఒక్క వానకి పోతుంది. దీన్ని పెయింట్‌తో వేసిందెవరురా?"

"వో పెయింటర్ పాగల్ హై అత్తా! ఫోటో చూసి నంబర్ ఒక్కటే వెయ్యరా అంటే..."

వరుణ్ నాలుక కరుచుకున్నాడు. ఆలస్యమైపోయింది.

ఆంటీ కేకలు వేయలేదు. "నీకు నేను నంబరే చెప్పాను. ఫోటో ఎక్కడ చూశావు?"

"సర్‌ప్రైజ్ ఇద్దామని... ఫోన్‌లో ఒక్క పిక్ తీసుకున్నా."

"ఫోటో ఉన్న బీరువా తాళంచెవి నా మెడలో ఉంటే ఎలా తీశావు?"

ఆమె అరచేయి చాచింది. వరుణ్ జేబులోంచి తాళంచెవి తీసి అందులో పెట్టాడు. కొత్తది, ఇంకా మెరుస్తోంది.

ఆంటీ దాన్ని తన మెడలోని తాళంచెవి పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే.

"వాసవీ, నన్నిప్పుడే ఇంటికి తీసుకెళ్లమ్మా. వీణ్ణి ఫోన్ ముట్టుకోనివ్వకు. నా ఫ్లాట్ కాగితాలు ఆ ఫోటోతోపాటు ఒకే కవర్‌లో ఉంటాయి. పొద్దున ఫోటో తీసుకున్నాను గానీ, కవర్‌లో మిగతావి చూసుకోలేదు."

"అన్నీ అక్కడే ఉన్నాయా వరుణ్?" అంది వాసవి.

వరుణ్ గేటు వైపు చూశాడు. వాసవి వెళ్లి గేటుకు గొళ్లెం పెట్టింది.