కుడిచేతి బ్రేకు

రెండు బ్రేకు వైర్లే కదా, అటుది ఇటు, ఇటుది అటు, పది నిమిషాల పని, నిన్న సాయంత్రం ఛత్రినాకలో తన సైకిల్ దుకాణం షట్టర్ సగం దించుకుని దొంగలా చేసేశాడు, ఇక అయిపోయింది, ఏది ఎక్కడుండాలో అక్కడికి చేరింది, ఇంకెందుకీ గుండెదడ అనుకుంటూ ప్రేమ్‌రాజ్ జల్‌పల్లి చెరువు వెనకాల గుట్టమీదికి సైకిల్ తోసుకుంటూ ఎక్కుతున్నాడు, ఆదివారం పొద్దున, చర్చికి పోవలసిన వేళ, ఇవాళ గూడ ప్రభువు బల్లలో చెయ్యి పెట్టవా అని గడపలో నిలబడి అడిగింది భార్య రాహేలు, ఏడాదైంది నువ్వు రొట్టె ముట్టక, పాస్టరయ్య నన్నడుగుతుండు నేనేం చెప్పాలె అంది, ఏం చెబుతాడు, సేటు కూతురు కీర్తిప్రియ పొద్దున ఏడింటికి గుట్టమీద ఉంటానంది, సైకిల్ ఒకసారి బాటలో నడిపి చూసి తేవా కాకా అంది, అది మాత్రం చెప్పి బయటపడ్డాడు, ఆషాఢం ముసురుకి రాళ్లు తడిసి నల్లగా మెరుస్తున్నాయి, తంగేడు పొదల మధ్య ప్లాట్ల హద్దురాళ్లు ఎర్రరంగు నంబర్లతో మొలిచి ఉన్నాయి, ఇంకో రెండేళ్లకు ఇదంతా కాలనీ అయిపోతుంది, అప్పుడీ బాటా ఉండదు, ఆ బండా ఉండదు, ఎవరికీ ఏమీ గుర్తుండదు, అనుకోగానే ఛీ అనిపించింది తనమీద తనకే.

తోస్తుంటే వెనక చక్రం టిక్ టిక్ మంటోంది, ముప్పై ఐదేళ్లుగా ఆ చప్పుడులోనే బతికినవాడికి అది చెవికి కూడా ఎక్కదు, కానీ ఇవాళ తను ఆగితే ఆ టిక్ టిక్ ఒక్క రవ్వ ఆలస్యంగా ఆగుతోంది, వెనకాల ఇంకొకరు ఇంకో సైకిల్ తోసుకుంటూ వస్తున్నట్టు, తిరిగి చూశాడు, ఎవరూ లేరు, కింద చెరువు, దాని గట్టున బర్రెలు, పైన శంషాబాద్‌లో దిగబోయే విమానం పొట్ట, అంతే, కానీ ఉన్నాడు, శ్రవణ్ ఎప్పుడూ అట్లాగే వెనక నుంచి వచ్చేవాడు, దుకాణంలో తను వంగి పంక్చరు వేస్తుంటే చప్పుడు కాకుండా వచ్చి భుజం మీద చెయ్యేసి ఏంది కాకా, నా గుర్రం తయారా అనేవాడు, చార్మినార్ దగ్గర గాజుల హోల్‌సేల్ దుకాణం వైకుంఠం సేటు ఒక్కగానొక్క కొడుకు, గల్లామీద కూర్చోరా అంటే గుట్టలెంబడి తిరిగేవాడు, ఆదివారం వస్తే పదిమంది పిల్లలు, టోపీలు, మోకాళ్లకు తొడుగులు, ఈ బీడూ ఈ వాగూ ఈ బండలూ వాళ్ల రాజ్యం, దారి తెలియడానికి రాళ్లమీద సున్నం చుక్కలు పెట్టింది కూడా శ్రవణే, ఇదిగో ఈ చుక్క, వానకు సగం కరిగింది, సగం ఉంది.

శ్రవణ్‌ది, ఇదే, బయటి దేశం సైకిల్, విదేశంలో కొన్నాళ్లుండి వచ్చినాయన దగ్గర ముచ్చటపడి కొన్నాడు, మన దగ్గర ఏ సైకిల్‌కైనా కుడిచెయ్యి పిండితే ముందు చక్రం ఆగుతుంది, దానికి ఎడమచెయ్యి, ఆరు నెలలు దానిమీదే తిరిగి ఆ అలవాటే అతని వేళ్లలోకి దిగిపోయింది, పోయినేడు ఇదే ఆషాఢంలో, బోనాల ముందటి శనివారం, వైర్లు తుప్పు పట్టినయి కాకా, కొత్తవి వెయ్యి అని ఇచ్చిపోయాడు, ఛత్రినాకంతా డప్పుల మోత, దుకాణం ముందు మైకు లొల్లి, పనిలో ప్రేమ్‌రాజ్ కళ్లు అక్కడుంటే చేతులు ఇక్కడున్నాయి, ఆ చేతులకు దేశం తెలుసా విదేశం తెలుసా, వేల సైకిళ్లకు ఎట్లా వేశాయో అట్లాగే వేశాయి, ముందు చక్రం వైరు కుడికి, వెనక చక్రం వైరు ఎడమకి, ఏ మాటా చెప్పలేదు, చెప్పడానికి చేసినట్టు తెలిస్తే కదా, శ్రవణ్ వచ్చి ఎక్కి చూడనైనా లేదు, దోస్తు ట్రాలీ ఆటోలో వేసుకున్నాడు, తనే ఒక చెయ్యి పట్టి ఎక్కించాడు, రేపు గుట్టమీది చేటబండ దిగుతున్న కాకా అన్నాడు, జర పైలం బిడ్డా అన్నాడు తను, పైలం అన్నాడు, చెప్పవలసిన ముక్క తప్ప అన్నీ అన్నాడు.

మర్నాడు ఆ బండమీద శ్రవణ్ తలకిందులుగా పడి ప్రాణం పోయింది, పోలీసులు సైకిల్ చూశారు, బ్రేకులు ఫస్ట్ క్లాసుగా ఉన్నాయన్నారు, మనీష్ అని వాళ్ల గుంపుకి పెద్దలాంటి పిల్లవాడు ఏడ్చుకుంటూ మంచి రైడర్ అంకుల్, గంత నిటారు బండమీద ముందు బ్రేకు ఎట్ల గుంజిండో నాకు సమజైతలేదు అన్నాడు, దినాలు అయ్యాక వైకుంఠం సేటే తన భుజం తట్టాడు, నీ బ్రేకులు మంచిగనే ఉన్నయి ప్రేమ్‌రాజ్, మావోని రాతనే మంచిగ లేకపాయె, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నాడు, ఆ మాటకంటే చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది, ఇంట్లో గుర్తుగా పెట్టుకుంటాం తుడిచియ్యి అని సైకిల్ పంపిస్తే, గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ కుడి లివర్ నుంచి వైరు వెంబడి వేలు పోనిస్తే అది ముందు చక్రానికి పోయింది, పాతది ఊడదీసినప్పుడు ఎడమ నుంచి కదా తీశాను అని అప్పుడు గుర్తొచ్చింది, గుడ్డ చేతిలోనే ఉండిపోయింది, ఆ రోజు చెప్పొచ్చు, ఆ మర్నాడు చెప్పొచ్చు, వారానికి చెప్పొచ్చు, నానిన కొద్దీ మాట బరువెక్కింది, పిల్లవాడు చూసుకోవద్దా, తన సైకిల్ తనకు తెలియదా, స్పీడు మీదున్నాడేమో, ఇట్లా ఏడాదిపాటు తనకు తనే వకీలు పెట్టుకున్నాడు.

గురువారం సంవత్సరీకం అయింది, శుక్రవారం శ్రవణ్ చెల్లెలు కీర్తిప్రియ ఆ సైకిల్‌ను దుకాణానికి నడిపించుకుంటూ వచ్చింది, ట్యూబులు మార్చు కాకా, ఆయిల్ పెట్టు, నేను అన్న సైకిల్ మీద ఒక్కసారి చేటబండ దిగాలె అంది, వద్దు బిడ్డా అన్నాడు, ఎనిమిది నెలల సంది మనీష్ అన్న నేర్పిస్తుండు, నాకొస్తది అంది, మరి ఎందుకు అంటే అప్పుడు చెప్పింది, మా అమ్మ నిద్రపోతలేదు కాకా, ముందటి రోజు రాత్రి దుకాణం కాడ కూసోవని అన్నను మస్తు తిట్టింది, నువ్వు పుట్టకున్నా బాగుండు అన్నదంట, కోపంల అంటరు కదా, ఇప్పుడేమో నా మాటకే వాడు కావాలని చేసిండు, బండమీద కావాలనే చెయ్యి గుంజిండు అంటది, అన్న గట్ల చేసేటోడు కాదు, గాడ ఏమైందో నేను దిగి చూస్త, చూసి అమ్మకు చెప్త అంది, కమలమ్మ, బోనాలకు ఇంటింటికీ పంచినట్టే తనకూ డబ్బానిండా గారెలు పంపే కమలమ్మ, కొడుకును తన నోటితోనే చంపుకున్నానని ఏడాదిగా కుళ్లిపోతోంది, అది విని కూడా ప్రేమ్‌రాజ్ ఏం చేశాడు, ట్యూబులు మార్చాడు, ఆయిల్ పెట్టాడు, నిన్న సాయంత్రం గుట్టుచప్పుడు కాకుండా వైర్లు తిరిగి మార్చేశాడు, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

దారి మధ్యలో చిన్న వాగు వచ్చింది, అటు దిగి ఇటు ఎక్కాలి, నడిపి చూసి తేవా అంది కదా అని ఎక్కి కూర్చున్నాడు, దిగుడు మొదలైంది, గాలి చెవుల్లో దూరింది, టిక్ టిక్ టిక్ వెనక ఇంకో చక్రం కూడా దిగుతోంది, కొంచెం మెల్లగా పోదామని, వెనక చక్రాన్ని కాస్త పట్టుకుందామని, జీవితమంతా పిండినట్టే ఎడమచెయ్యి పిండాడు, ముందు చక్రం మేకు కొట్టినట్టు ఆగిపోయింది, వెనక భాగం లేచింది, ఆకాశం కాళ్ల కిందికి వచ్చింది, తంగేడు పొద పట్టుకుంది కాబట్టి బతికాడు, మోకాలు చెక్కుకుపోయి నెత్తురు, అరచేతుల్లో ఇసుక, సైకిల్ పక్కన పడి ముందు చక్రం నింపాదిగా తిరుగుతోంది, ప్రేమ్‌రాజ్ లేవలేదు, నిన్న సాయంత్రం తన చేతులతో తనే మార్చాడు, మధ్యలో ఒక్క రాత్రే గడిచింది, తెలుసు, అంతా తెలుసు, అయినా చెయ్యి తన పాత దారిలోనే పోయింది, తెలిసిన తనకే చెయ్యి మాట వినకపోతే తెలియని పిల్లవాడికి ఏం వింటుంది, వాడి తప్పు గోరంత కూడా లేదు, పెట్టుకున్న వకీలు ఆ పొదలోనే పడి చచ్చాడు, ప్రేమ్‌రాజ్ ఏడ్చాడు, చిన్నపిల్లవాడిలా, ముక్కు చీదుకుంటూ.

ఏమైంది కాకా, గీ నెత్తురేంది అని పైనుంచి పరిగెత్తుకొచ్చింది కీర్తిప్రియ, అన్న టోపీయే పెట్టుకుంది, కొంచెం పెద్దదై కళ్లమీదికి జారుతోంది, వెనకాల మనీష్ నీళ్ల సీసాతో, ఏం లేదు బిడ్డా, జారిన అన్నాడు, అంతే అన్నాడు, అలవాటైన నోరు, ఆ పిల్ల అతని మోకాలు కడిగి సైకిల్ లేపి నిలబెట్టింది, ముందు చక్రాన్ని ఎత్తి తిప్పి ఎడమ లివర్ నొక్కి చూసింది, ఆగింది, నవ్వింది, గిది ఉల్టా సైకిల్ కదా కాకా, ఎడమకే ముందు బ్రేకు, అందుకే అన్న నన్ను ముట్టనిచ్చేటోడు కాదు, అన్నకైతే చేతికి పక్కా అలవాటు, మరి గా రోజు ఎట్ల తప్పిండో, గదే చూడాలె అంటూ టోపీ తాడు బిగించుకుంటోంది, వాగు ఒడ్డెక్కితే చేటబండ అక్కడి నుంచే మొదలవుతుంది, చేటలాగే ఒక పక్కకు వాలి, తడిగా, కింద లోయలో రేగు పొదలు, నెమలి ఒకటి అరుస్తోంది, ఈ పిల్లకు తెలుసు, ఈ పిల్లకు ఏమీ కాదు, దిగుతుంది, చూస్తుంది, కింద ఏమీ ఉండదు, తిరిగి ఇంటికి పోయి అమ్మకు చెప్పడానికి మాట ఉండదు, సైకిల్ మళ్లీ పాత తీరుగానే ఉంది, నిన్నటిదాకా ఆ ఇనుములో ఒక్క సాక్ష్యం ఉండేది, దాన్ని కూడా తనే చెరిపేశాడు, ఇప్పుడు ఆ తప్పు ఈ లోకంలో తన నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు, తను ఇట్లాగే మింగి పోతే అది కమలమ్మ మెడకే ఉండిపోతుంది, ఆమె చచ్చేదాకా, అనుకుని లేచి కుంటుతూ పోయి సైకిల్ పిడి గట్టిగా పట్టుకున్నాడు, ఎక్కకు బిడ్డా, కిందికి దిగి చూసేది ఏం లేదు, నడువు, మీ అమ్మ కాడికి పోదాం, మీ అన్నది తప్పు గాదు, మీ అమ్మది గాదు, పోయినేడు వైర్లు ఉల్టా ఏసింది నేను, ఏసిన అని వానికి చెప్పలే.