గాబ్రియేలు గారి వైన్ గ్లాసు

నేను ఒక వైన్ గ్లాసును. సన్నని కాడ మీద నిలబడి, పొట్ట దగ్గర ఉబ్బి, మూతి దగ్గర మళ్ళీ ముడుచుకునే ఆకారం నాది. అలా ముడుచుకోవడం అందం కోసం కాదు. వైన్ వాసనను చెదిరిపోకుండా పట్టి ఉంచి, తాగేవాడి ముక్కుకి అందించడం నా పని. అందుకే మనుషుల్ని నేను ముఖాలతో కాదు, ముక్కులతో గుర్తుపడతాను.

ఫ్రాన్సు తూర్పు కొండల్లో ఒక గాజు కొలిమి దగ్గర పుట్టాను. నన్ను ఊదినవాడు ఆ రోజు పంటి నొప్పితో అల్లాడుతున్నాడు. అందుకే కాబోలు, నా అంచు ఒక పక్కకి రవ్వంత ఒరిగింది. దిజాన్ పట్టణంలో చిన్న హోటలు నడిపే మదాం లుసీ నన్ను కొనుక్కుంది కానీ, ఆ వంకర వల్ల అతిథుల ముందు పెట్టలేదు. సీసా తెరిచాక వైన్ బాగుందో చెడిందో తాను చూసుకోవడానికి వంటింట్లో ఉంచుకుంది. పైకి తళతళలాడిన నా తోటి గ్లాసులన్నీ అతిథుల చేతుల్లో పగిలాయి. నేను మిగిలాను.

పెమ్మాడి గాబ్రియేలు అక్కడికి గిన్నెలు కడిగే పనికి వచ్చాడు. యానాం వాడు. ఫ్రెంచి పాలన పోయినా ఫ్రెంచి పౌరసత్వం వదులుకోని కుటుంబం వాళ్ళది. ఒకరోజు తెరిచిన సీసా పక్కనుంచి పోతూ, "ఇందులో తడిసిన గోనెసంచి వాసన వస్తోంది" అన్నాడు. మదాం వాసన చూసింది. నిజమే, బిరడా చెడితే వచ్చే కంపు అది. మర్నాటి నుంచి అతని చేత గిన్నెలు కడిగించడం మానేసి, నన్ను అతని చేతికిచ్చింది.

ఆల్చిప్పల మాంసానికి షాబ్లీ, మేకపాల చీజుకి సాన్సేర్ అనే తెల్ల వైన్లు, బాతు కూరకి బుర్గుండి ఎర్ర వైన్. ఒక్కొక్కటీ నాలో పోసి, తిప్పి, వాసన చూపించి నేర్పింది. "వంటకం మాట్లాడుతుంటే వైన్ అరవకూడదు. వైన్ మాట్లాడుతుంటే వంటకం నిద్రపోకూడదు" అనేది. ముసలితనంలో హోటలు మూసేస్తూ, "దీన్ని నువ్వే తీసుకుపో" అంది. ఉన్ని మేజోళ్ళలో చుట్టుకుని గాబ్రియేలు నన్ను యానాం తెచ్చుకున్నాడు.

అక్కడ భార్య థెరీసాతో కలిసి గోదావరికి ఎదురుగా చిన్న రెస్టారెంటు తెరిచాడు. వంట ఆమెది, వైన్ ఆయనది. కాకినాడ నుంచి వచ్చేవాళ్ళు చాలామంది వైన్‌లో ఐసు అడిగేవారు, కొందరు సోడా అడిగేవారు. గాబ్రియేలు "అలాగేనండి" అని తెచ్చిచ్చి, లోపలికొచ్చి నా కాడ పట్టుకుని నిట్టూర్చేవాడు. కానీ పట్టు వదల్లేదు. ఎర్ర వైన్లోని వగరు మన కారాన్ని రెచ్చగొడుతుందని తెలుసుకుని, తెల్ల వైన్ల వెంట పడ్డాడు. పీతల ఇగురుకి జత తొందరగానే దొరికింది. పులస పులుసు మాత్రం లొంగలేదు. చింతపండు పులుపుకి ఏ వైన్ అయినా చప్పబడిపోయేది. చివరికి ఒక వానాకాలం, కొంచెం తీపి ఉన్న అల్సాస్ రీస్లింగ్ అనే తెల్ల వైన్ నాలో పోసుకుని, పులుసు ముద్ద తిని, ఒక గుక్క తాగి, నన్ను థెరీసా నోటికి అందించాడు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఇద్దరూ ఒకే కంచంలో తింటూ, నన్ను మార్చుకుంటూ, సీసా అంతా ఖాళీ చేశారు. నా బతుకులో అంతటి పండగ మరి లేదు.

తరువాత ఊరంతా జ్వరాలు వచ్చాయి. గాబ్రియేలు కూడా పడుకుని లేచాడు. లేచి మొదటిసారి నన్ను ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడే నాకు అర్థమైంది. ఆ ముక్కు తలుపు తట్టినవాడిలా చాలాసేపు నిలబడింది. లోపలినుంచి ఎవరూ పలకలేదు.

వాసన పోయిందని ఆయన ఎవరికీ చెప్పలేదు. సీసా మీది పేరు చూసి, జ్ఞాపకంలోని మాటలు చెప్పేవాడు. "ఇందులో మగ్గిన బేరిపండు తెలుస్తుంది, చివర్లో తేనె తగులుతుంది" అంటే అతిథులు తలలూపేవారు. ఇదివరకూ అంతే ఊపేవారు.

పులసలొచ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం, కాకినాడ ప్లీడరు ఒకాయన భార్యతో పెళ్ళిరోజు జరుపుకోవడానికి వచ్చాడు. గాబ్రియేలు రీస్లింగ్ తెరిచి నాలో కొంచెం పోశాడు. బిరడా చెడింది. నా పొట్టనిండా తడి గోనెసంచి కంపు. నేను గాజుని, అరవలేను. ఆయన కళ్ళు మూసుకుని వాసన చూసి, తలూపి, వాళ్ళ గ్లాసుల్లో పోశాడు.

ప్లీడరు ఒక గుక్క తాగి, "ఆహా! ఎంతైనా ఫ్రాన్సు ఫ్రాన్సేనండీ గాబ్రియేలు గారూ!" అన్నాడు. ఆయన భార్య కూడా బాగుందంది. సీసా పూర్తిచేసి, సంతోషంగా వెళ్ళిపోయారు.

కంచాలు తీయడానికి వచ్చిన థెరీసా ఆ వాసనకి ఆగిపోయింది. నన్ను తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వంటింట్లోకి వచ్చి నన్ను ఆయన ముందు పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచండీ ఇది?"

గాబ్రియేలు తలెత్తలేదు. "జ్వరం తగ్గిన కాణ్ణుంచి."

"నాతో చెప్పొద్దేటండీ?"

"చెప్తే నిజమైపోద్దని." నవ్వబోయాడు, అది నవ్వు కాలేదు. "ఆళ్ళకీ తెలీలేదు, చూసేవా? చెడిపోయిన దాన్ని ఆహా అని తాగేరు. మరి ఇన్నేళ్ళూ నేను ఎవరి కోసం వాసన చూసేనే?"

"నాకు తెలిసింది కదండీ," అంది థెరీసా.

"నీ కూర కూడా తెలీటం లేదు థెరీసా. ఉప్పు తెలస్తంది, పులుపు తెలస్తంది. అది నీ చేతిదని తెలీటం లేదు."

ఆమె స్టూలు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొయ్యి మీద పులుసు అడుగంటే దాకా ఇద్దరిలో ఎవరూ లేవలేదు. ఆ మాడు వాసన ఆమెకే తెలిసింది.

కాకినాడలో డాక్టరు, వాసన నరం దెబ్బతిందని, రావచ్చు రాకపోవచ్చు అని చెప్పాడు. రోజూ ఘాటైనవి వాసన చూస్తుండమన్నాడు. రెస్టారెంటు మూతపడింది. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. మిగిలిన సీసాలు తెలిసినవాళ్ళు పట్టుకుపోయి అద్దాల బీరువాల్లో అలంకారంగా నిలబెట్టుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. వంటింటి అరలో, కాఫీ పొడి, లవంగాలు, కర్పూరం, ఎండు నిమ్మతొక్కల డబ్బాల పక్కన ఉన్నాను.

రోజూ పొద్దున్నే థెరీసా ఆయన్ని కళ్ళు మూసుకోమని, ఒక్కో డబ్బా ముక్కు దగ్గర పెడుతుంది. ఆయన పీల్చి, తల అడ్డంగా ఊపుతాడు. వానాకాలం వెళ్ళింది, చలి వచ్చి పోయింది. ఆమె డబ్బాలు దించుతూనే ఉంది.

మొన్న ఆమె చేతిలోంచి డబ్బా మూత రెండుసార్లు జారింది. ఆయన కళ్ళు సన్నగా తెరిచి ఆ చేతిని చూశాడు. మళ్ళీ గట్టిగా మూసుకుని, గుండెల నిండా పీల్చాడు.

"కాఫీ," అన్నాడు. "కాఫీ కదే?"

ఆమె చేతిలో ఉన్నవి లవంగాలు.

"అవునండి," అంది. "కాఫీయే."

చప్పుడు కాకుండా మూత పెట్టి, డబ్బాను నా వెనక్కి తోసింది. ఆ పూట ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి కోసం ఒకరు మారు వడ్డించుకుని తిన్నారు.