గోడకి అవతల మేం

గోడ వస్తుందంటే ముందు చప్పట్లు కొట్టింది మేమే. సముద్రం ఏటేటా మీదకొస్తోంది, అడ్డం కడతామంటే ఎవడు వద్దంటాడు? తీరా సున్నంతో గీత గీసింది చూస్తే మా ఇళ్ల వెనక! హోటలేమో గోడకి లోపల. మేం బయట, సముద్రంతో పాటు.

ఆఫీసు హాల్లో ఇంజనీరు మ్యాప్ పరిచాడు. "మీ వాడంతా మునిగే చోటు. అక్కడ గోడ కట్టినా దండగ. ఖాళీ చెయ్యండి."

"ఎవడు చెప్పాడు?"

"మీ ఇళ్ల గోడలే."

దాచను, తప్పు మాదే. వరద తీశాక పడవలకి పూసే తారుతో ప్రతి ఇంటి మీదా నీళ్లెంతవరకొచ్చాయో గీస్తాం. సాయం బియ్యం ఎక్కువిస్తారని తలా జానెడు పైకి గీశాం. హోటల్ వాడు వారం తిరక్కుండా రంగేయించుకున్నాడు. గీత లేదు కాబట్టి అక్కడికి సముద్రం రానట్టే!

బయటికొచ్చి తగువుపడ్డాం.

"అబద్ధమని ఒప్పేసుకుందాం," అన్నాడు పడవలు చేసే ముసలాయన.

"ఒప్పుకుంటే ఇక మన మాట కుక్క కూడా వినదు మావా!" అన్నాను.

"ఇప్పుడేదో చెవులు రిక్కించి వింటున్నట్టు!"

అప్పుడు అత్త నోరు విప్పింది. హోటల్లో నేలలు కడుగుతుంది. పోయిన వరదలో కూతుర్ని పోగొట్టుకుంది. ఇప్పటికీ అన్నాల వేళకి రెండు కంచాలే పెడుతుంది. మేం చూడనట్టు తల తిప్పుకుంటాం.

"ఆ రోజు హోటల్లో మోకాలి లోతు నీళ్లురా. మనకంటే ముందే అక్కడ తీశాయి. తియ్యగానే, బురద కడిగాకే ఇంటికెళ్లమన్నాడు మేనేజరు. కడిగాను. నేను వాళ్ల మెట్లు తుడుస్తుంటే, ఇక్కడ నా పిల్ల కప్పు పట్టుకుని వేలాడుతోంది."

"లోపలికొచ్చి చెప్తావా అత్తా? పని పోద్ది."

"ఇంకేం మిగిలిందిరా పోడానికి?"

చెప్పింది. మేమూ మా జానెడు అబద్ధం ఒప్పుకున్నాం. "మా ఇళ్లు మళ్లీ కొలిచి చూడు. అదే టేపుతో హోటల్నీ కొలిచి చూడు," అన్నాం.

"అది ప్రైవేటు స్థలం," అని ఇంజనీరు మ్యాప్ చుట్టేశాడు. "పని రేపే మొదలు."

పొద్దున్నే పునాది కందకంలోకి వాడంతా దిగాం. కాళ్ల కింద ఉప్పునీరు ఊరుతోంది. మా వాళ్లని తీసుకుపోయిన ఆ నీరే, చల్లగా, చప్పుడు లేకుండా. మిషన్లు ఆగాయి. పోలీసులొచ్చి అందర్నీ పైకి లాగి వరసలో నిలబెట్టారు.

"పేరు?"

అత్త కూతురి పేరు చెప్పింది. కానిస్టేబుల్ రాసుకున్నాడు.

"వయసు?"

"తొమ్మిది."

అతను తలెత్తి ఆమె నెరిసిన జుట్టు చూశాడు. కలం ఆగిపోయింది.

ఆమె వెనక నేను. అదే వరదలో పోయిన మా అమ్మ పేరు చెప్పాను. నా వెనక ముసలాయన తన తమ్ముడి పేరు చెప్పాడు.

"ఏంటీ నాటకం? వీళ్లంతా ఎక్కడ?"

"రాసుకో," అంది అత్త. "ఇంకా చాలామందిమి ఉన్నాం."