లైటు పట్టుకున్న మనిషి

“లైటు సరిగ్గా పట్టుకోవడం కూడా రాదా నీకు?” అన్నాడు ఆమె భర్త, పెళ్లయిన కొత్తలో, ఈ పాత పికప్ బండి బానెట్ దగ్గరే. అప్పటినుంచి బండి మొరాయించినప్పుడల్లా అతను కార్బురేటర్ విప్పి, పెట్రోలుతో కడిగి, మళ్లీ బిగించడం, ఆమె పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడటం మామూలైపోయింది. ఆలోగా పొయ్యి మీద కూర మాడితే ఆ మాట కూడా ఆమే పడాలి.

ఈసారి కడిగినా లాభం లేకపోయింది. “దీని పని అయిపోయింది. సాయంత్రం పాత ఇనుప సామాన్లవాడు వచ్చి పట్టుకుపోతాడు” అనేశాడు. ఇంటి వెనక ఆమె పెంచే పూలమొక్కలు దుకాణాలకు చేరేది ఆ బండిలోనే. “పోతే పోనీలే అమ్మాయ్, ఇకనైనా ఇంటిపట్టున ఉంటావు” అంది అత్తగారు, ఓదారుస్తున్నట్టుగా. బండితోపాటు ఆమె పని కూడా పాత ఇనుములోకే పోయిందన్నమాట. ఎంత తేలిగ్గా తేల్చేశారో అనుకుంటే ఆమెకు ఒళ్లు మండింది. నేరుగా వెళ్లి కొత్త కార్బురేటర్ కొనుక్కొచ్చింది. “మీవారిని పంపకపోయారా అమ్మా?” అన్నాడు స్పేర్ పార్టుల దుకాణం అతను. ఆయన భోంచేసి పడుకున్నారని చెప్పింది. అది నిజమే.

బండి ఉండే చీకటి షెడ్డులో టార్చిని ఓ మూల ఆనించి పని మొదలుపెట్టింది. బ్యాటరీ తీగ తీసింది, ఎయిర్ ఫిల్టర్ డబ్బా దించింది, పెట్రోలు గొట్టం ఊడదీసింది, నాలుగు నట్లూ విప్పింది. చేతులకు అన్నీ తెలుసు, ఎప్పుడు నేర్చుకున్నాయో ఆమెకే తెలియదు. పాత కార్బురేటర్ లేపేసరికి ఇంజను నోరు నల్లగా తెరుచుకుంది. అందులో నలక పడకుండా తువ్వాలు ముక్క లోపలికంటా కుక్కింది.

కొత్తదాన్ని అరచేతిలో పెట్టుకుని మీట కదిపితే లోపల చిన్న ఇత్తడి రేకు తెరుచుకుంది. వదిలితే మూసుకుంది. మళ్లీ కదిపింది. పసిబిడ్డ ఊపిరి చూసినట్టు అలాగే చూస్తూ ఉండిపోయింది. అంత బండి, అన్ని మట్టి బస్తాలు, దుకాణాలకు వెళ్లే ఆ ఎత్తురోడ్డు, అంతా ఈ గుప్పెడు వస్తువు గాలినీ పెట్రోలునీ సమంగా కలిపితేనేనా! నడిచినన్నాళ్లూ దీని ఊసెత్తేవాళ్లు లేరు, ఆగితే మాత్రం తిట్లన్నీ దీనికే. ఆమెకు నవ్వొచ్చింది, అంతలోనే కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లు వెలుగు చూపించి కూడా తను దీన్ని ఒక్కసారీ చూడలేదు. ఎప్పుడు విసుక్కుంటాడోనని అతని మొహమే చూసింది.

కార్బురేటర్ అడుగున అంటుకున్న పాత ప్యాకింగు అట్ట గీకేసి, కొత్తది వేసి, కార్బురేటర్ కూర్చోబెట్టి నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించింది. అన్నీ తగిలించి తాళం తిప్పింది. ఇంజను మూలిగింది తప్ప అందుకోలేదు. మళ్లీ తిప్పింది. ఆ చప్పుడుకి భర్త లేచి వచ్చాడు.

“నేను చెప్పానా? ఇది నీవల్ల అయ్యే పనేనా!”

ఆమె తాళం వదిలి, దిగి బానెట్ దగ్గరికి వచ్చింది. ఎక్కడ పొరపాటు? చేసినవన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. గుడ్డ! అతను కడిగే లోపు గుడ్డ కుక్కేది తనే, బిగించడానికి అతను చేయి చాపగానే చటుక్కున లాగేసేదీ తనే. ఇవాళ చేయి చాపినవాళ్లు లేరు. అతను ఒక్కసారైనా లాగాడా? గుడ్డ ఉందని తెలుసా అసలు? ఇన్నేళ్లూ ఈ బండి లైటు పట్టని తన రెండో చేతి మీద కూడా నడిచిందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. నూనె మరకల ఆ చేతిని తిప్పి చూసుకుంది, కొత్తగా, అబ్బురంగా.

“ఏవండీ, కాస్త లైటు పట్టుకోండి.”

అతను నవ్వుతూనే పట్టుకున్నాడు.

“నా మొహం మీద కాదు, లోపలికి.”

మళ్లీ విప్పి గుడ్డ బయటికి లాగింది.

“ఇదెక్కడిది?” అన్నాడు.

“ఎప్పుడూ ఉండేదే.”

బిగించి తాళం తిప్పింది. బండి ఒళ్లంతా ఒక్కసారి జలదరించి అందుకుంది. సీటు కింద ఆ వణుకు, స్టీరింగులో ఆ వణుకు, తన వేళ్లలో అదే వణుకు. ఇంత శబ్దం తను చేసిందా!

మొక్కల తొట్లు ఎక్కించి ఆమె స్టీరింగు ముందు కూర్చునేసరికి ఇనుప సామాన్లవాడు రానే వచ్చాడు. “అరె, బండి బతికిందే! ఏ మెకానిక్ చేశాడండీ?”

“మెకానిక్ ఎందుకూ? ఇంట్లోనే చేసుకున్నాం” అన్నాడు భర్త.

ఇదివరకైతే ఆమె ఆ మాటకి తలూపేది. ఇప్పుడు కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

“నేను చేశాను. ఈయన లైటు పట్టుకున్నారు.”