ముప్పై అయస్కాంతాలు, పన్నెండు పెట్టెలు

ఆ గదికి తాళం వేసింది యూనివర్సిటీ ఆఫీసువాళ్లు మీరే. ఫిజిక్సు విభాగం వెనక గదిలోని పన్నెండు కంప్యూటర్లను పాత ఇనుము జాబితాలో రాసింది మీరు. రాసేముందు ఒక్కరైనా లోపలికి తొంగి చూశారా?

నేను చదివింది ఎనిమిదో తరగతి. తిరుపతిలో మోటార్లకు వైండింగు చేసుకునేవాణ్ణి. ఆ గదిలో కరెంటు పనికని వచ్చి ఆరేళ్లు ఉండిపోయాను. కోమలి అప్పుడక్కడ పరిశోధన చేసేది.

"ఏం లెక్క కోమలమ్మా ఇది, ఇన్ని దినాలు?" అని అడిగాను.

"ముప్పై బుల్లి అయస్కాంతాలన్నా. దర్శనం క్యూ మాదిరి. ఒకరు కదిల్తే అందరూ కదలాల. విడివిడిగా లెక్కెయ్యలేము. ఇంకొకటి చేరిస్తే లెక్క రెండింతలవుతాది."

"అట్లయితే చేర్చొద్దు తల్లీ. నా ఫ్యూజులు తట్టుకోవు."

లెక్క మొదలైన ముప్పై ఎనిమిదో రోజు ఆయుధపూజ. ఆ రోజు పనిముట్టుకు విశ్రాంతి ఇవ్వాలని మా షాపులో నేర్చుకున్నాను. పొద్దున్నే వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేశాను. పెట్టెలన్నీ తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, వాకిట్లో ప్రసాదం బొరుగులు పంచుతుంటే కోమలి వచ్చింది. కంప్యూటర్ల ఫ్యాన్ల చప్పుడు లేకపోయేసరికి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"గిరన్నా, ఎవురాపినారు?"

"నేనే. పండగ గదా."

 నా చేతిలోని బొరుగులు కొన్ని తీసుకుని నమిలింది.

"ఒక మాట అడగాల్సింది గదన్నా. మళ్లా మొదట్నుంచీ నడపల్ల."

తిట్టి ఉంటే బాగుండేది.

రెండోసారి నడిపినప్పుడు, మధ్యలో ఆగినా అక్కడినుంచే అందుకునేలా, ప్రతి సాయంత్రం లెక్కను డిస్కుల్లో దాచింది. వాటిమీద తేదీలు రాసింది నేనే. పసుపు చుక్క పెట్టింది కూడా నేనే. ఏడో పెట్టె కింద అట్టడబ్బాలో ఉన్నాయవి.

లెక్క పూర్తయింది గానీ ఇంతలో కోమలి గైడు రిటైరయ్యాడు. థీసిస్ ఆగిపోయింది. కోమలి పలమనేరు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. ఇన్నేళ్లకు థీసిస్ మళ్లీ కదిలితే, అసలు లెక్కలు చూపమన్నాడు పరీక్షకుడు. చూపకపోతే డిగ్రీ లేదు. ఆ పెట్టెలు ఎత్తుకెళ్లడానికి శుక్రవారం మీ లారీ వస్తుందట.

ఎక్కడ ఫ్యాను హోరుమన్నా నాకు ఆ గదే గుర్తొస్తుంది. ఆ వేడిగాలి, కర్పూరం వాసన, గోడమీద ఆమె సుద్దతో గీసిన అయస్కాంతాల బాణాలు, పైకొకటి కిందికొకటి.

నేను తెలియక ఆపేశాను. మీకిప్పుడు చెప్పాను. రేపు పదింటికి తాళం తీయండి. ఆ డబ్బా కోమలి చేతికివ్వండి. ఇనుము తర్వాత అమ్ముకోండి.