ఓబుళమ్మ గోడ మీదికెక్కిన పట్టిక

నేను ఒక ఈ-బుక్కును. కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టే పని నేర్పుతాను. నాకు అట్ట లేదు, కాగితం లేదు. ఉన్నవల్లా రెండువందల పన్నెండు పేజీలు, అవి కూడా మేకులు కొట్టి బిగించినంత గట్టివి.

నన్ను రాసింది మస్తాన్ వలి గారు. ఐటీఐలో ముప్పై ఏళ్ళు వైండింగ్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నన్ను పేజీలుగా పేర్చింది డీటీపీ కుళ్ళాయప్ప. బారెడు కంప్యూటర్ తెర ముందు కూర్చుని బొమ్మబొమ్మకూ నీలం అంచు గీశాడు, పేజీని నిలువునా రెండుగా చీల్చి అక్షరాలు కుదించాడు. "సార్, యాడ తెరిచినా ఇట్లే ఉంటాది. ఒక్క అక్షరం కదల్దు" అన్నాడు గొప్పగా. మస్తాన్ వలి గారు మురిసిపోయి, అడిగిన వాళ్ళందరికీ నన్ను ఫోన్లలో ఊరికే పంపారు. కదలకపోవడమే గొప్ప అని నేనూ నమ్మాను. అరచేతిలో పట్టే తెర మీద నన్ను చదువుతారన్న ఆలోచన మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

అలా చేతులు మారుతూ ఆళ్ళగడ్డలో ఓబుళమ్మ ఫోన్‌లోకి వచ్చాను. ఆమె భర్త మద్దిలేటిది మోటార్ల రిపేరు షాపు. మూడు నెలల కిందట ఆటో బోల్తాపడి అతని కుడి మణికట్టు నలిగింది. వేళ్ళు ముడుచుకోవడం లేదు. పన్నెండేళ్ళుగా పక్కన కూర్చుని, తీగ కింద పరిచే కాగితాలు కత్తిరించి, తీగ అందించిన ఓబుళమ్మ, షాపు మూయకూడదని తనే పని మొదలుపెట్టింది.

ఎండలు మండే రోజుల్లో ఒక పొద్దున పక్క ఊరి సర్పంచ్ నాగశేషులు మోటారుతో దిగాడు.

"ఊరికంతా ఇదొక్కటే బోరు. రెండు దినాలుగా చుక్క నీళ్ళు లేవు. రేపు మధ్యాన్నానికి కావాల. నీతో అయితాదా, నంద్యాలకు తీసకపోదునా?"

"ఈడనే పెట్టన్నా" అంది ఓబుళమ్మ.

మామూలుగా కాలిన తీగను విప్పి చుట్లు లెక్కపెట్టుకుంటారు. కానీ ఊళ్ళో ఎవరో అత్యుత్సాహంతో పాత తీగ పీకి పారేశారు. ఇక నేనే దిక్కు. నా జీవితంలో నిజంగా నా అవసరం పడిన మొదటి రోజు అది! నాకు ఎంత సంబరమో!

ఆమె నన్ను తెరిచింది. పేజీ మొత్తం కనబడింది, అక్షరాలు మాత్రం ఆవగింజలు. రెండు వేళ్ళతో సాగదీసింది. అక్షరం పెద్దదైంది, వాక్యం చివర అంచు దాటి పోయింది. ఎడమకు లాగితే చివర దొరికింది, మొదలు పోయింది. 'చుట్లు' అని కొట్టి వెతికింది. ఆ మాట నాలో మూడువందల చోట్ల ఉంది. కుళ్ళాయప్ప వాడిన, ఫోన్ గుర్తుపట్టలేని పాత ఫాంటు పుణ్యమా అని ఒక్కటీ దొరకలేదు. "పాడు పుస్తకం" అని పళ్ళు కొరికింది.

చివరికి పట్టిక చేరింది. ఎడమ కొసన మోటారు శక్తి, కుడి కొసన చుట్ల లెక్క. ఐదు హార్స్ పవర్ దగ్గర వేలు పెట్టి పక్కకు లాగుతూ పోయింది. వేలు ఒక్క వెంట్రుకవాసి వాలింది, పట్టిక కింది వరసకు జారింది. యాభై ఎనిమిది ఉండాల్సిన చోట ఆమెకు నలభై నాలుగు కనబడింది. నాకు తెలుస్తూనే ఉంది. అరవడానికి గొంతు లేదు, పక్కకు జరగడానికి వీల్లేదు.

మధ్యాహ్నం దాటాక మోటారుకు కరెంటు ఇచ్చింది. గుర్రుమంది, పొగ లేచింది.

"ఆపు మే, ఆపు!" షాపు మూలనున్న మంచం మీంచి మద్దిలేటి కేకేశాడు. "ఎన్ని చుట్టినావు?"

"నలభై నాలుగు. బుక్కులో అంతే ఉండాది."

"ఐదు హెచ్‌పీకి నలభై నాలుగు యాడన్నా ఉంటాదా?"

"ఎన్నో నువ్వే చెప్పు మరి!"

మద్దిలేటి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. "చేతికి తెల్సు. నోటికి రాదు" అన్నాడు నెమ్మదిగా.

ఓబుళమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. సుద్దముక్క తీసుకుని షాపు గోడ ముందు నిలబడింది. "లెయ్. ఎడమచేయి బాగానే ఉంది కదా. ఫోన్ పట్టుకో" అంది. అతను ఫోన్‌ను బల్లకు అదిమిపట్టాడు. ఆమె వరస కింద స్టీలు స్కేలు ఆనించి, పేజీ జరిపిన కొద్దీ స్కేలునూ జరుపుతూ, ఒక్కో అంకె చదివి గోడకెక్కించింది. ఆరు వరసలకు గంట పట్టింది. తలుపంత పట్టిక తయారైంది!

"యాభై ఎనిమిది!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

కాలిన తీగ కోసి పారేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె చుడుతుంటే అతను పైకి లెక్కపెట్టాడు. మర్నాడు నాగశేషులు వచ్చేసరికి చివరి ముడి పడింది. స్విచ్ నొక్కింది. మోటారు సన్నగా పాట అందుకుంది. కరెంటు మీటరు ముల్లు ఏడున్నర ఆంపియర్ల దగ్గర, ఉండాల్సిన చోటే, కదలకుండా నిలిచింది. మద్దిలేటి మీటరును చూడలేదు, భార్య ముఖమే చూస్తున్నాడు. సాయంత్రం సర్పంచ్ ఫోన్ చేస్తే ఆయన మాట వినబడలేదు, బిందెల చప్పుడే!

అప్పుడు ఓబుళమ్మ నా చివరి పేజీలోని మస్తాన్ వలి గారి నంబరుకు ఫోన్ కలిపింది.

"సార్, మీ పుస్తకం మంచిదే. కానీ దాన్ని సదవాలంటే ఒక మనిషి పట్టుకోవాల, ఒక మనిషి రాసుకోవాల. నాకొక మోటారు కాలింది."

మూడో రోజు మస్తాన్ వలి గారు బస్సు దిగి, గోడ మీది పట్టికను వరసవరసా చదివారు.

"ఇంత పెద్ద అక్షరాలు నేనెన్నడూ వేయించలేదమ్మా."

"పెద్దవి కాదు సార్. ఎవురికి ఎంత కావాలంటే అంత కావాల."

ఆయన నోటుపుస్తకం తీశారు. నాలో ఏ పేజీ ఎక్కడ ఇబ్బందిపెట్టిందో ఆమె చెబుతుంటే శిష్యుడిలా రాసుకున్నారు. కుళ్ళాయప్ప "అందమంతా పోతాది సార్" అని గొణిగినా, నెలన్నరలో కొత్త పుస్తకం తయారుచేశాడు. అందులో అక్షరం పెంచితే వాక్యం దానంతటదే మడతపడి కిందికి దిగుతుంది. వెతికితే మాట దొరుకుతుంది. ఒక్కో మోటారుకు ఒక్కో చిన్న పట్టిక.

ఓబుళమ్మ నన్ను తీసేయలేదు. ఆ ఫోన్‌లోనే ఒక మూల ఉన్నాను. మొన్న పదిహేను హార్స్ పవర్ మోటారు వచ్చింది, గోడ మీద లేని రకం. ఆమె కొత్త పుస్తకం తెరిచి, ఒక్కసారి చూసి, తీగ అందుకుంది.

ఆ రోజు నన్నెవరూ తెరవలేదు. మోటారు మధ్యాహ్నానికే తిరిగింది.